గాజుల లక్ష్మీనరసు శెట్టి

గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806 - 1868) చెన్నపట్టణానికి చెందిన తెలుగు వర్తకుడు, పత్రికా స్థాపకుడు, దక్షిణ భారతదేశంలో రాజకీయ ఉద్యమానికి దారి వేసిన తొలితరం ప్రముఖుడు. 1844లో ఇతడు స్థాపించిన క్రెసెంట్, మద్రాసు నగరంలో భారతీయుల యాజమాన్యంలో వెలువడిన తొలి ఆంగ్ల పత్రికలలో ఒకటి. 1852లో ఏర్పడిన మద్రాసు నేటివ్ అసోసియేషన్‌కు ఇతడే మూలపురుషుడు. ఈస్టిండియా కంపెనీ పాలనలో భూమిశిస్తు వసూలు కొరకు రైతులను చిత్రహింసలకు గురిచేస్తున్న సంగతిని బ్రిటిష్ పార్లమెంటు దృష్టికి తీసుకొనివెళ్ళి, 1854లో దానిపై విచారణ సంఘం ఏర్పడటానికి కారకుడైనాడు. విద్యార్థులు సాధారణంగా ఇతని పేరును పత్రికల చరిత్రలోనో, కాంగ్రెసుకు పూర్వపు సంస్థల చరిత్రలోనో ఒక వాక్యంగా చదువుతారు. కాని ఇతని జీవితంలో అన్నిటికన్న ముఖ్యమైన ఘట్టం ఆ విచారణయే.

బాల్యం, వ్యాపారం

లక్ష్మీనరసు 1806లో మద్రాసులో బలిజ కుటుంబంలో జన్మించాడు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు వర్తకుడు. ఆ రోజులలో మద్రాసులో దేశీయులకు ఉన్నతవిద్యకు తగిన వసతి లేదు. కనుక లక్ష్మీనరసు ప్రాథమికమైన చదువుతో సరిపెట్టుకొని, తండ్రి వ్యాపారంలో ప్రవేశించాడు. నీలిమందుతోబాటు వస్త్రవ్యాపారం కూడా చేసి, తండ్రి సంపాదించినదానికి అనేక రెట్లు గడించాడు. రాజకీయాలపై ఆసక్తి చిన్ననాటినుండి ఉన్నది. వ్యాపారంలో నిలదొక్కుకొన్న తరువాత ఆ ధనాన్ని ప్రజావ్యవహారాలకు వినియోగించసాగాడు. మద్రాసు నగరంలో కోట చుట్టూ తిరిగి దొరల అనుగ్రహంతో పైకి వచ్చిన వర్తకులు చాలామంది ఉండేవారు. దొరలను ఎదిరించటానికి సొంత డబ్బు ఖర్చు పెట్టిన వర్తకుడు మాత్రం అంతకుముందు దాదాపు కనిపించడు.

క్రెసెంట్ పత్రిక

1840లలో మద్రాసు గవర్నరుగా ఉన్న మార్క్విస్ ట్వీడేల్ కాలంలో క్రైస్తవ మిషనరీల కార్యకలాపాలకు ప్రభుత్వం మొగ్గు చూపుతున్నదనే అసంతృప్తి హిందువులలో ప్రబలింది. మిషనరీలకు పత్రికలు ఉన్నవి, ఐరోపా వర్తకులకూ ఉన్నవి. దేశీయుల పక్షాన మాట్లాడే ఆంగ్ల పత్రిక లేదు. ఈ లోటును తీర్చటానికి లక్ష్మీనరసు 1844 అక్టోబరు 2న క్రెసెంట్ పత్రికను ప్రారంభించాడు. ఎడ్వర్డ్ హార్లీ అనే ఆంగ్లేయుని సంపాదకునిగా నియమించాడు. పత్రిక వెలువడబోతున్నదన్న ప్రకటనను సెయింట్ జార్జి కోట గెజిటులో ప్రచురించటానికి ప్రభుత్వం నిరాకరించింది. ఇటువంటి అడ్డంకులు తరువాత కూడా ఎదురైనవి. హిందూ పత్రిక 1878లో మొదలైనదని గుర్తుంచుకొంటే, క్రెసెంట్ దానికి 34 ఏళ్ళు ముందున్నదని తెలుస్తుంది.

క్రెసెంట్ చేపట్టిన మొదటి పోరాటం మతం మారిన హిందువుల వారసత్వ హక్కులకు సంబంధించినది. మతం మారినవారికి పూర్వికుల ఆస్తిలో హక్కు నిలిచి ఉండేటట్లు 1845లో లెక్స్ లోసై అనే ముసాయిదా వచ్చింది. లక్ష్మీనరసు దీనిని తీవ్రంగా వ్యతిరేకించాడు. అదే కాలంలో ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథంగా ప్రవేశపెట్టాలని ట్వీడేల్ ప్రతిపాదించగా, 1846 అక్టోబరులో మద్రాసులో పెద్ద నిరసన సభ జరిగింది. దానికి లక్ష్మీనరసు అధ్యక్షత వహించాడు. బైబిలు ప్రతిపాదనను కంపెనీ డైరెక్టర్లు త్రోసిపుచ్చారు. వారసత్వ నిబంధన మాత్రం 1850లో 21వ చట్టంగా అమలులోకి వచ్చింది. ఈ రెండవ విషయంలో లక్ష్మీనరసు వైఖరి సంప్రదాయవాదుల వైఖరియే. నేటి దృష్టితో చూస్తే, మతం మారినంతమాత్రాన మనిషి ఆస్తిహక్కు కోల్పోరాదనే నియమమే న్యాయంగా తోస్తుంది. ఇతనిని సంఘసంస్కర్తగా చిత్రించే వ్యాసాలు ఈ సంగతిని దాటవేస్తుంటాయి.

మద్రాసు నేటివ్ అసోసియేషన్

కంపెనీ ఛార్టరు 1853లో పునఃపరిశీలనకు రావలసి ఉన్నది. దేశీయుల కోర్కెలను పార్లమెంటుకు తెలుపుటకై కలకత్తాలో 1851లో బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్ ఏర్పడింది. దానికి శాఖగా 1852 ఫిబ్రవరి 26న మద్రాసులో ఒక సంఘం ప్రారంభమై, కొద్ది నెలలకే కలకత్తా నుండి విడివడి మద్రాసు నేటివ్ అసోసియేషన్ పేరుతో స్వతంత్ర సంస్థ అయినది. బెంగాలులో జమీందారీ పద్ధతి, మద్రాసులో రయత్వారీ పద్ధతి. అక్కడివారి బాధలు వేరు, ఇక్కడివారి బాధలు వేరు. ఈ తేడాయే విడిపోవటానికి ముఖ్యకారణం.

1852 చివర సంఘం ఒక సుదీర్ఘమైన విజ్ఞాపనను తయారుచేసి లండనుకు పంపింది. భూమిశిస్తు భారం, న్యాయస్థానాలలో జాప్యం, విద్యకు జరుగుతున్న అన్యాయం, రోడ్లను నీటి వనరులను ప్రభుత్వం పట్టించుకోకపోవటం మొదలైనవి అందులో ఉన్నవి. శిస్తు వసూలులో రైతులపై జరుగుతున్న దౌర్జన్యాలను కూడా ప్రస్తావించారు. 1853లో వచ్చిన కొత్త ఛార్టరు చట్టం ఈ కోర్కెలలో అధికభాగాన్ని తీర్చలేదు. సంఘంలోనూ చీలిక వచ్చింది. రాజకీయ విజ్ఞాపనలకన్న స్త్రీవిద్య, సంఘసంస్కరణ ముఖ్యమని భావించిన శ్రీనివాస పిళ్ళై, వెంబాకం రామానుజాచారి మొదలైనవారు విడిపోయి వేరొక సంఘాన్ని పెట్టుకొన్నారు. లక్ష్మీనరసు తన దారిని వదలలేదు.

శిస్తు, హింస

తరువాతి కథ అర్థం కావాలంటే అప్పటి రెవెన్యూ యంత్రాంగాన్ని కొంత తెలుసుకోవాలి. రయత్వారీ పద్ధతిలో ప్రభుత్వం ప్రతి రైతునుండి నేరుగా నగదు రూపంలో శిస్తు వసూలు చేసేది. 1830ల నుండి ధాన్యం ధరలు చాలాకాలం పడిపోయి ఉన్నవి. ధర తగ్గినా శిస్తు తగ్గలేదు. అదే రొక్కం కట్టటానికి రైతు మునుపటికన్న ఎక్కువ పంట అమ్ముకోవలసి వచ్చింది. బకాయిలు పెరిగినవి. జమాబందీ నాటికి లెక్క సరిచూపవలసిన భారం తహసీల్దారు మీద, అతని క్రింది మునసబు, బంట్రోతుల మీద పడేది.

రెండవ విషయం 1816 నాటి రెగ్యులేషన్లు. వీటి ప్రకారం జిల్లాలో కలెక్టరే మేజిస్ట్రేటు. తాలూకాలో తహసీల్దారే పోలీసు అధికారి. అనగా శిస్తు వసూలు చేసేవాడు, దొంగను పట్టేవాడు, ఫిర్యాదు వినేవాడు ఒకే కచ్చేరిలో ఉండేవారు. కొట్టినవాడిపై ఫిర్యాదు చేయాలంటే రైతు ఆ కొట్టినవాడి గుమ్మమే ఎక్కవలసి వచ్చేది. హింస చట్టరీత్యా అప్పటికే నేరం. అయినా ఆ నేరానికి శిక్ష పడే మార్గం మూసుకొనిపోయి ఉన్నది. కలెక్టరు తన అధికారంతో క్రింది ఉద్యోగికి విధించగల గరిష్ఠశిక్ష 50 రూపాయల జుల్మానా లేక ఒక నెల ఖైదు. అంతకుమించిన శిక్ష కావాలంటే కేసును క్రిమినల్ జడ్జికి అప్పగించాలి. అంత దూరం వెళ్ళే కేసులు అరుదు.

సీమర్ పర్యటన, పార్లమెంటులో చర్చ

లండనులో భారతదేశ సంస్కరణల సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న హెన్రీ డాన్బీ సీమర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853 అక్టోబరులో మద్రాసు వచ్చాడు. ఈ అవకాశాన్ని లక్ష్మీనరసు జారవిడువలేదు. సీమర్‌ను జిల్లాలకు తీసుకొనివెళ్ళి, రైతులతో మాట్లాడించి, శిస్తు వసూలులో జరుగుతున్న హింసకు సాక్ష్యాలు చూపించాడు. ఎన్ని విజ్ఞాపనలు పంపినా కాగితాలుగా మిగిలిపోయే సంగతి, ఒక సభ్యుడు కళ్ళారా చూచి చెప్పేసరికి పార్లమెంటులో చర్చకు వచ్చింది. 1854 జూలైలో కామన్స్ సభలో బ్లాకెట్ అనే సభ్యుడు మద్రాసు భూమి వ్యవహారంపై తీర్మానం ప్రవేశపెట్టగా, సీమర్ చిత్రహింసల విషయం వెల్లడించాడు. కంపెనీ పక్షం వారు నమ్మలేదు. అటువంటిది జరుగుతుంటే తమ అధికారులకు తెలియకుండా ఉంటుందా అన్నది వారి వాదన. అయినా విచారణ జరపక తప్పలేదు.

విచారణ సంఘం

1854 సెప్టెంబరులో మద్రాసు ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో విచారణ సంఘాన్ని నియమించింది. నగర ప్రధాన మేజిస్ట్రేటు ఎడ్వర్డ్ ఎలియట్, సివిల్ ఉద్యోగి హెన్రీ స్టోక్స్, న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్ ఆ ముగ్గురు. భారతీయుడొక్కడూ లేడు. గడచిన ఏడు సంవత్సరాలలో జరిగినవాటినే పరిశీలించాలని హద్దు పెట్టారు. విచారణ మద్రాసు నగరంలో జరిగింది. బాధితులే అక్కడికి రావాలి.

ఇన్ని పరిమితులున్నా మొత్తం 1,959 ఫిర్యాదులు అందినవి. 519 మంది స్వయంగా హాజరైనారు, 1,440 ఫిర్యాదులు ఉత్తరాల రూపంలో వచ్చినవి. మద్రాసుకు అప్పటికి రైలు లేదు. 300, 400 మైళ్ళ దూరం నుండి వచ్చినవారు కూడా ఉన్నారు. తమ ఊరి తహసీల్దారుపై సాక్ష్యం చెప్పి తిరిగి అదే ఊరికి వెళ్ళి బ్రతకవలసిన రైతులు వీరు. ఈ సంఘం తమకు న్యాయం చేకూర్చి, పోయిన డబ్బు ఇప్పిస్తుందనే ఆశతో చాలామంది వచ్చారు. సంఘానికి నివేదిక వ్రాసే పనియే గాని శిక్షించే అధికారం లేదు.

1855 ఏప్రిలులో నివేదిక వెలువడింది. శిస్తు వసూలుకు, నేరాలు ఒప్పించటానికి హింస వాడటం రాజధాని అంతటా ఉన్నదని సంఘం నిర్ధారించింది. లక్ష్మీనరసు చెప్పినది నిజమని తేలింది. అయితే ఐరోపా అధికారులకు ఇందులో ప్రమేయం లేదని, తప్పంతా దేశీయులైన క్రింది ఉద్యోగులదని సంఘం తేల్చింది. శిస్తు పరిమాణాన్ని నిర్ణయించినది, వసూలుకు గడువు పెట్టినది, తాలూకా వసూళ్ళు చూచి ఉద్యోగికి మెప్పు ఇచ్చినది ఎవరన్న ప్రశ్నను నివేదిక లోతుగా పరిశీలించలేదు. తరువాతి చరిత్రకారులు ఈ లోపాన్ని ఎత్తిచూపారు. రెండేళ్ళకు, 1857 సెప్టెంబరులో, కార్ల్ మార్క్స్ న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో వ్రాసిన ఒక వ్యాసానికి ఈ నివేదికయే ఆధారం. తిరుగుబాటుదారుల క్రూరత్వం గురించి ఇంగ్లండు పత్రికలు గగ్గోలు పెడుతున్న సమయమది.

హింసా సాధనాలు

నివేదికలో చిత్రహింసల జాబితా పెద్దది. ఎండలో నిలబెట్టటం, తిండి పెట్టకపోవటం, కాలకృత్యాలకు పోనివ్వకపోవటం, పశువులను మేతకు విడువనివ్వకపోవటం, చెవులు మెలిపెట్టటం, మోకాళ్ళ వెనుక ఇటుకపెళ్ళలు పెట్టి కూర్చోబెట్టటం, ఇద్దరు బకాయిదారుల తలలు ఒకదానికొకటి కొట్టటం, బొండలో వేయటం, జుట్టును గాడిద తోకకో దున్న తోకకో కట్టటం వాటిలో కొన్ని. కొన్ని శరీరాన్ని, కొన్ని పరువును దెబ్బతీసేవి. మరికొన్ని డబ్బునూ లాగేవి. బకాయిదారుని ఇంటిముందు బంట్రోతును కూర్చోబెట్టి, అతని రోజు బత్తెం ఆ రైతుచేతనే కట్టించేవారు.

అన్నిటికన్న ఎక్కువగా వాడుకలో ఉన్నవి రెండు. మొదటిది కిట్టి. దీనినే తెలుగు జిల్లాలలో చిరత అనేవారు. రెండు చెక్కలను ఒక కొసన కలిపి కట్టిన సాధనమిది. నిమ్మకాయ పిండే చెక్కను పోలి ఉంటుంది. చేతివేళ్ళు, చెవులు, తొడలు మొదలైన భాగాలను ఆ చెక్కల నడుమ పెట్టి, ప్రాణం పోనంతవరకు నొక్కేవారు. స్త్రీలను సైతం విడిచిపెట్టలేదు. వేళ్ళు వంకరపోయి జీవితాంతం పనికి పనికిరానివారు ఉన్నారు. రెండవది అనుండాల్. మనిషి మెడను వంచి, అతని పైపంచెతోనో, కొబ్బరి పీచు లేక గడ్డి తాటితోనో మెడకు, కాలివ్రేళ్ళకు కలిపి కట్టి ఆ భంగిమలోనే గంటల తరబడి ఉంచటం. వీపుమీద రాయి పెట్టటమూ కద్దు.

చిరత అన్న మాట ఉత్తర తెలంగాణ పాఠకులకు క్రొత్తది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెలలో చిరుతల రామాయణం ఆడేవారు చేతిలో పట్టి వాయించే చెక్కలు చిరుతలు. భజనలో తాళం వేసే చెక్కల పేరే వేళ్ళు నలిపే చెక్కలకూ వచ్చింది. ఏ ఊరి వడ్రంగియైనా చేయగల వస్తువు అది. అనుండాల్‌కు అంతమాత్రం వస్తువు కూడా అక్కరలేదు, రైతు కట్టుకొన్న పంచె చాలు. కనుక ఆ కాలంలో సాధనాన్ని నిషేధించి హింసను ఆపటం సాధ్యం కాదు. ఆపవలసినది దానిని పట్టుకొన్న చేతిని.

చట్టంలో వచ్చిన మార్పులు

నివేదిక తరువాత వచ్చిన ముఖ్యమైన మార్పు పోలీసును రెవెన్యూ నుండి వేరుచేయటం. మద్రాసు రాజధానిలో 1859 నాటి 24వ చట్టం ద్వారా ప్రత్యేక పోలీసు శాఖ ఏర్పడింది. తహసీల్దారు చేతినుండి పోలీసు అధికారం పోయింది. ఈ నమూనాను అనుసరించి 1861లో దేశవ్యాప్త పోలీసు చట్టం వచ్చింది. దాని 29వ సెక్షను ప్రకారం అదుపులో ఉన్న వ్యక్తిపై అకారణంగా చేయి చేసుకొన్న పోలీసుకు మూడు నెలల జీతం వరకు జుల్మానా, లేక మూడు నెలల వరకు ఖైదు, లేక రెండూ విధించవచ్చు. శిస్తు బకాయిలను ఆస్తి జప్తు ద్వారా రాబట్టే పద్ధతిని 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం నిర్దేశించింది.

1860లో ఆమోదం పొంది 1862 జనవరి 1 నుండి అమలైన భారత శిక్షాస్మృతిలో 330, 331 సెక్షన్లు ప్రత్యేకంగా ఈ నేరానికి సంబంధించినవి. నేరం ఒప్పించటానికి గాని, సొమ్ము రాబట్టటానికి గాని గాయపరిస్తే ఏడేళ్ళ వరకు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ళ వరకు ఖైదు. సెక్షనుకు ఇచ్చిన ఉదాహరణలలో పోలీసు అధికారితోబాటు, శిస్తు బకాయికై హింసించే రెవెన్యూ ఉద్యోగి కూడా ఉన్నాడు. శిక్షాస్మృతి తొలి ముసాయిదా 1837లోనే తయారైనది కనుక ఇదంతా 1855 నివేదిక ఫలితమేనని చెప్పటం అతిశయోక్తి అవుతుంది. కాని 50 రూపాయల జుల్మానా నుండి పదేళ్ళ ఖైదుకు ప్రయాణం ఏడెనిమిదేళ్ళలో జరిగినది. పోలీసుల ఎదుట చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదనే నియమం కూడా ఈ కాలంలోనే వచ్చి, 1872 సాక్ష్యచట్టంలో 25వ సెక్షనుగా స్థిరపడింది. 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 120వ సెక్షను ఇవే శిక్షలను కొనసాగిస్తున్నది.

కాగితంపై శిక్ష పెరిగినంతగా అది పడటం పెరగలేదు. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఏర్పడిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై భారతదేశం 1997 అక్టోబరులో సంతకం చేసింది గాని ఇంతవరకు ధ్రువీకరించలేదు. చిత్రహింసల నివారణ బిల్లును 2010 మే 6న లోక్‌సభ ఆమోదించినా, అది చట్టం కాకుండానే మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో మరల అటువంటి చట్టాన్ని సిఫారసు చేసింది.

సాధనాల వ్యాపారంపై నియంత్రణ

కిట్టి కాలం నాటి పరిస్థితి ఇరవయ్యవ శతాబ్దంలో మారింది. విద్యుత్ లాఠీలు, శరీరానికి తగిలించే విద్యుత్ పట్టీలు, పళ్ళున్న వేలిసంకెళ్ళు మొదలైనవి కర్మాగారాలలో తయారై ఒక దేశం నుండి మరొక దేశానికి అమ్ముడుపోసాగినవి. సాధనం ఊరి వడ్రంగి చేతిలోనుండి ఎగుమతి వర్తకుని చేతిలోకి వచ్చింది. కనుక వర్తకాన్ని శిక్షించే చట్టాలు పుట్టినవి. యూరోపియన్ యూనియన్ 2005లో చేసిన 1236వ నిబంధన 2006 జూలై 30 నుండి అమలైనది. దాని స్థానంలో 2019లో 125వ నిబంధన వచ్చింది. ఉరి, శిరచ్ఛేద యంత్రాల వంటివాటితోబాటు వేళ్ళను నొక్కే మర బిగింపుల ఎగుమతి, దిగుమతులు దీని ప్రకారం నిషిద్ధం. మర బిగింపు కిట్టికి దగ్గరి చుట్టమే. ఉల్లంఘనకు శిక్ష ఎంత అన్నది సభ్యదేశాలే నిర్ణయించుకోవాలి. ఆ శిక్ష నేర తీవ్రతకు తగినదిగా, భయం పుట్టించేదిగా ఉండాలన్నది మాత్రం షరతు.

అమెరికా ఎగుమతుల జాబితాలో చిత్రహింసకే ప్రత్యేకంగా చేసిన సాధనాలకు ఒక పద్దు ఉన్నది. అందులో కూడా వేళ్ళ మర బిగింపులు ఉన్నవి. 2018 నాటి ఎగుమతుల నియంత్రణ సంస్కరణ చట్టం ప్రకారం, తెలిసి ఉల్లంఘించినవారికి ఒక్కొక్క ఉల్లంఘనకు పది లక్షల డాలర్ల వరకు జరిమానా, వ్యక్తులకైతే ఇరవై ఏళ్ళ వరకు ఖైదు. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2019 జూన్ 28న ఇటువంటి వ్యాపారంపై ఉమ్మడి నియమాల కొరకు ఒక తీర్మానం చేసింది. ప్రపంచమంతటికీ వర్తించే ఒప్పందం ఇంకా రూపొందలేదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం

లక్ష్మీనరసు విచారణ కోరినది కంపెనీ పాలించే జిల్లాలకే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు నిజాము రాజ్యంలో ఉన్నవి. అక్కడి రైతులకు 1,440 ఉత్తరాలలో ఒకటి వ్రాసే అవకాశం కూడా లేదు. శిస్తు వసూలును గుత్తకు పుచ్చుకొన్న తాలూకుదారులు అక్కడ పెత్తనం చేసేవారు. 1853లో దివాను అయిన మొదటి సాలార్ జంగ్ ఈ గుత్త పద్ధతిని క్రమంగా తొలగించి, 1865లో జిలాబందీ ద్వారా జీతగాళ్ళైన అధికారులను నియమించాడు. భారత శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రానికి వర్తించినది 1951 ఏప్రిల్ 1 నుండి మాత్రమే. అనగా మద్రాసు జిల్లాల రైతుకు 330వ సెక్షను దొరికిన 89 ఏళ్ళకు సిరిసిల్ల రైతుకు దొరికింది.

1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగిన తరువాత, అదే ఏడు అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దీనికి ఆధారమైన చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో చేసినది. పోలీసు శిబిరాలలో హింస జరుగుతున్నదని పౌరహక్కుల సంఘాలు ఆ సంవత్సరాలలో ఆరోపించినవి. వారు అనుసరించిన పద్ధతి, అనగా ఊరూరా తిరిగి బాధితుల వాఙ్మూలాలు సేకరించి అచ్చువేయటం, లక్ష్మీనరసు, సీమర్‌లు 1853లో చేసినదే.

చివరి సంవత్సరాలు

నివేదిక తరువాత మద్రాసు నేటివ్ అసోసియేషన్ కంపెనీ పాలనను రద్దుచేసి బ్రిటిష్ రాణి ప్రభుత్వం నేరుగా పాలించాలని విజ్ఞాపనలు పంపింది. 1858లో ఆ మార్పు జరిగింది గాని దానికి కారణం 1857 తిరుగుబాటు. తిరుగుబాటు తరువాత ప్రభుత్వం రాజకీయ సంఘాలను అనుమానంతో చూడటం వలన సంఘం కార్యక్రమాలు మందగించినవి. ఒకప్పుడు గెజిటులో ప్రకటన వేయ నిరాకరించిన ప్రభుత్వమే తరువాత లక్ష్మీనరసుకు స్టార్ ఆఫ్ ఇండియా కంపానియన్ బిరుదు ఇచ్చింది. 1863లో ఇతనిని మద్రాసు శాసనమండలికి నామినేట్ చేసింది.

వ్యాపారంలో గడించినదంతా పత్రికకు, సంఘానికి, విజ్ఞాపనలకు ఖర్చు చేసిన లక్ష్మీనరసు చివరికి పేదరికంలో 1868లో మరణించాడు. ఇతనితోనే మద్రాసు నేటివ్ అసోసియేషన్ కూడా దాదాపు అంతరించింది. ఆ స్థానంలో 1884లో మద్రాసు మహాజన సభ ఏర్పడింది. జి. పరమేశ్వరన్ పిళ్ళై 1896లో దక్షిణ భారతదేశపు ప్రముఖుల జీవితచరిత్రలను ఆంగ్లంలో ప్రచురించినపుడు, వారిలో లక్ష్మీనరసు శెట్టిని కూడా చేర్చాడు.